నల్లగొండా, పాలమూరా, ఇంకా చిన్న ఊరా? హైదరాబాద్ వదిలే ముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్ అద్దెలు కట్టలేక, ట్రాఫిక్‌లో బతుకంతా పోతోందని విసిగి, ఏదైనా చిన్న ఊరికి పోదామా అని ఆలోచించేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. నేను పుట్టి పెరిగింది నల్లగొండలో, పెళ్లయ్యాక స్థిరపడింది మహబూబ్‌నగర్‌లో, అదే మేం పాలమూరు అనే ఊరు. రెండూ నా ఊళ్లే కాబట్టి ఏది మంచిదని చుట్టాలు, పాత స్నేహితులు నన్నే అడుగుతుంటారు. నేను ముందు వాళ్లనే ఒక మాట అడుగుతాను: నెలలో హైదరాబాద్‌కి ఎన్నిసార్లు పోవాల్సి వస్తుంది, పోతే సిటీలో ఏ మూలకి పోవాలి? దీనికి జవాబు దొరికితే సగం తేలిపోయినట్టే. మిగతా సగం నీళ్లు, ఆసుపత్రి, ఇరుగుపొరుగు.

రెండు ఊళ్లూ హైదరాబాద్‌కి సుమారు వంద కిలోమీటర్లే, కాబట్టి మ్యాప్‌లో చూస్తే ఏ తేడా లేదనిపిస్తుంది, కానీ సిటీలో మీరు తేలే చోటు పూర్తిగా వేరు. నల్లగొండ నుంచి బయలుదేరితే నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట మీదుగా ఎల్బీనగర్‌లో దిగుతారు. మహబూబ్‌నగర్ నుంచి అయితే జడ్చర్ల దగ్గర బెంగళూరు హైవే ఎక్కి షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా ఆరాంఘర్ వస్తారు. ఆఫీసు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు ఉండి వారానికి ఒకటి రెండు రోజులు మొహం చూపించాలంటే మహబూబ్‌నగరే నయం, ఎందుకంటే శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీలోకి దిగకుండానే ఆఫీసు దగ్గరికి చేరతారు. నల్లగొండ నుంచి అదే గచ్చిబౌలికి పోవాలంటే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి సిటీ చుట్టూ సగం తిరగాలి. అదే మీ పని ఉప్పల్, పోచారం, ఘట్‌కేసర్ వైపు అయితే లెక్క తిరగబడి నల్లగొండ దగ్గరవుతుంది. తరచూ విమానం ఎక్కేవాళ్లకు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలు ఉన్నవాళ్లకు మహబూబ్‌నగర్ చాలా సుఖం, ఎయిర్‌పోర్టు దారిలోనే ఉంది కదా. గుంటూరు, విజయవాడ వైపు చుట్టాలున్నవాళ్లకు నల్లగొండ.

సంక్రాంతి సంగతి ముందే చెప్తున్నా. పండుగ ముందు రెండు మూడు రోజులు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్రాకు పోయే బండ్ల బారు ఎలా ఉంటుందో టీవీలో చూసే ఉంటారు, నల్లగొండ వాళ్లు కూడా ఆ వరుసలోనే నిలబడాలి.

రైలు విషయంలో ఇప్పుడు పాలమూరుదే పైచేయి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా డబుల్ లైన్ 2022లో పూర్తయింది, కరెంటు లైను కూడా వచ్చింది. కాచిగూడలో దిగొచ్చు, ఫలక్‌నుమాలో ఆగే బండి దొరికితే అక్కణ్ణుంచి సిటీ లోకల్ రైలు ఎంఎంటీఎస్ పట్టుకోవచ్చు. నల్లగొండ ఉన్నది బీబీనగర్–నడికుడి లైను మీద, అది సింగిల్ లైను, ఎదురుబండి క్రాసింగ్ కోసం మధ్యలో ఏదో ఒక స్టేషన్‌లో ఆపేయడం అలవాటైన సంగతే. డబ్లింగ్ పూర్తయితే ఆ బాధ తీరుతుంది. దూరప్రయాణాలకు మాత్రం రెండూ బాగానే ఉన్నాయి. 2023లో మొదలైన తిరుపతి వందేభారత్ నల్లగొండలో ఆగుతుంది, అదే ఏడాది మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. తిరుపతికి ఎక్కువ పోతారా, బెంగళూరుకు ఎక్కువ పోతారా అన్నదాన్ని బట్టి కూడా కొందరు ఊరు ఎంచుకోవచ్చు, ఇందులో తప్పేం లేదు. బస్సులు రెండు ఊళ్లకూ దండిగా ఉన్నాయి, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ కూడా లేదు. కాకపోతే డీలక్స్‌కి, సూపర్ లగ్జరీకి ఆ సౌకర్యం వర్తించదు. ఇంతా చెప్పినా, రోజూ హైదరాబాద్‌కి అప్ అండ్ డౌన్ చేస్తానంటే నేను వద్దనే అంటాను. చేస్తున్నవాళ్లను దగ్గర్నుంచి చూస్తున్నా, పొద్దున పిల్లలు లేవకముందు పోయి రాత్రి వాళ్లు పడుకున్నాక వస్తారు. మారిన సుఖం ఇంట్లో మిగతావాళ్లకే గానీ వాళ్లకు కాదు.

ఇక నీళ్లు. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు, అది ఉత్త పుకారేం కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లలో వంకర్లు పోయిన కాళ్లతో, వంగిన నడుములతో ఉన్న మనుషులను నేను చిన్నప్పుడు చూశాను, ఆ బాధ మాటల్లో చెప్పేది కాదు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడిపోయిందంటే ఈ నేలకు, ఆ జబ్బుకు ఎంత సంబంధమో చూడండి. అయితే మీరు ఉండబోయేది టౌన్‌లో, అక్కడ నల్లాలో వచ్చేది కృష్ణా నీళ్లు. పానగల్ దగ్గర ఉదయసముద్రం రిజర్వాయరు ఉంది, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం లైన్లు వచ్చాయి. భయపడాల్సింది బోరు నీళ్ల గురించే. టౌన్ అంచున కొత్తగా వేసిన కాలనీల్లో నల్లా కనెక్షన్ ఇంకా రాని ఇళ్లుంటాయి, ఓనరు "నీళ్లకు కొదవే లేదు, బోరుంది" అని గర్వంగా చెప్తాడు, మీరు జాగ్రత్తపడాల్సింది సరిగ్గా అక్కడే.

ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు హాలు, కిచెన్ తర్వాత చూడండి, ముందు బాత్రూమ్‌లో కుళాయి మూతి చూడండి. తెల్లగా ఉప్పు పేరుకుని, కింద టైల్స్ మీద నీళ్లు జారిన చోటల్లా సున్నపు చారలు కనిపిస్తున్నాయంటే ఆ ఇంట్లో వాడేది బోరు నీళ్లు. కూలర్ ఉంటే దాని గడ్డి కూడా చూడండి, ఒక్క ఎండాకాలానికే అట్ట కట్టి ఉంటుంది. అయితే ఈ చారలు నీళ్లు ఎంత గట్టివో మాత్రమే చెప్తాయి. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, వాసన రాదు, నాలుకకు తెలీదు. బోరు నీళ్లే తాగాల్సి వస్తే ఒక సీసాలో పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. కాచి తాగుతాం కదా అంటారు కొందరు, కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో మిషన్ తీస్తుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే అస్సలు అశ్రద్ధ చేయొద్దు, వచ్చే పళ్లు పుట్టుకతోనే మరకలతో వస్తాయి.

పాలమూరు టౌన్‌కి రామన్‌పాడు రిజర్వాయరు నుంచి కృష్ణా నీళ్లు వస్తాయి. ఇక్కడ అడగాల్సింది నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎంతసేపు వదులుతారు, కింద సంపు ఉందా అని. ఓనర్ని అడిగితే "రోజూ వస్తాయి" అనే అంటాడు, ఎదురింటి ఆమెను "అక్కా, నల్లా ఎప్పుడొస్తది?" అని అడగండి, సరైన లెక్క ఆమె చెప్తుంది. పాలమూరులో ఇంకొకటి చూడాలి, వాన. పెద్ద చెరువుకు దిగువన ఉన్న కాలనీల్లో పెద్ద వాన కొట్టినప్పుడు ఇళ్లలోకి నీళ్లు వస్తాయి, కాబట్టి ఆ వైపు గ్రౌండ్ ఫ్లోర్ తీసుకునేటప్పుడు గోడల మీద పాత తడి గీత ఉందేమో వెతకండి. కొత్తగా సున్నం వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా వెతకండి.

ఎండలు రెండు చోట్లా దంచుతాయి. నల్లగొండ చుట్టూ రాతిగుట్టలు, పగలంతా కాగి రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటాయి. పై అంతస్తు ఇల్లు అద్దె తక్కువని తీసుకోవద్దు, మీ నెత్తిన ఇంకో అంతస్తు ఉన్న ఇల్లే తీసుకోండి.

చిన్న ఊరు అనగానే డాబా మీద మొక్కలు, మల్లెతీగ, కొత్తిమీర మడి అని కలలు కంటాం కదా, మరి కోతుల సంగతి ఎవరూ చెప్పరు. నల్లగొండ, పాలమూరు, వనపర్తి, ఎక్కడైనా ఇదే కథ. కుండీలో టమాట పిందె పడితే చాలు, గుంపుగా దిగుతాయి. నీళ్ల ట్యాంకు మూత తీసి అందులో స్నానాలు చేస్తాయి, ఆరేసిన బట్టలు చింపుతాయి, డాబా మీద వడియాలు పెట్టాలంటే ఒకరు కర్ర పట్టుకుని కాపలా కూర్చోవాలి. అందుకే బాల్కనీకి, వంటింటి కిటికీకి ఇనుప జాలీ ఉందా, ట్యాంకు మూతకు గొళ్లెం ఉందా చూసుకోండి, లేకపోతే అడ్వాన్సు ఇచ్చే ముందే ఓనరుతో పెట్టించండి. చేరాక అడిగితే పెట్టరు.

ఆసుపత్రి విషయంలో నేను కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్లను తీసుకుని వచ్చేది "ప్రశాంతంగా ఉంటారు" అనే. మామూలు జ్వరాలు, కాన్పులు, షుగరు, బీపీ, విరిగిన చెయ్యి లాంటివాటికి రెండు ఊళ్లలోనూ డాక్టర్లకు కొరత లేదు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో, నల్లగొండది 2019లో మొదలయ్యాయి, పాలమూరులో ఎస్వీఎస్, నల్లగొండకు దగ్గర్లో నార్కట్‌పల్లిలో కామినేని ప్రైవేటు ఆసుపత్రులు ఎప్పట్నుంచో ఉన్నాయి. సమస్యల్లా రాత్రి పదకొండు తర్వాతే. మా మామకు అట్లాగే ఓ రాత్రి గుండెలో నొప్పి వస్తే దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం, అక్కడున్న కుర్ర డాక్టర్ ఈసీజీ తీసి, పెద్ద డాక్టరు పొద్దున గానీ రారు, హైదరాబాద్ తీసుకుపోండి అన్నాడు. ఆ వంద కిలోమీటర్లు ఎంత పొడుగో ఆ రాత్రి తెలిసింది. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఇంట్లో గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లుంటే ఊరు మారకముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి: రాత్రిపూట గుండె డాక్టరు ఏ ఆసుపత్రిలో ఉంటాడు, డయాలసిస్ సెంటర్ ఎక్కడుంది, మీ ఇన్సూరెన్స్ కార్డు అక్కడ నడుస్తుందా లేదా. ఫోన్ చేసి అడిగితే అన్నీ ఉన్నాయనే అంటారు, స్వయంగా పోయి అడగండి. ఇంట్లో కారు, నడిపేవాళ్లు ఒకరు ఉండడం ఇక్కడ అవసరం కిందే లెక్క, ఎందుకంటే అర్ధరాత్రి యాప్‌లో క్యాబ్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

ఇరుగుపొరుగు గురించి ఎవరూ నిజాయితీగా రాయరు కాబట్టి నేను రాస్తాను. చిన్న ఊళ్లో మనుషులు పట్టించుకుంటారు, అది వరమే. నాలుగు రోజులు మీ తలుపు తెరుచుకోకపోతే పక్కింటి వదిన వచ్చి తలుపు కొడుతుంది, కూరగాయలమ్మే అవ్వ మీ పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుంటుంది, బతుకమ్మ నాడు కొత్తగా వచ్చినవాళ్లని కూడా చెయ్యి పట్టి వరసలోకి లాగుతారు. అదే పట్టింపు ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు ఇంకో రూపంలో ఎదురవుతుంది. గేటు దగ్గరే "మీరేమిటోళ్లమ్మా?" అని అడుగుతారు, కులం తెలిశాకే లోపలికి రమ్మంటారు, కొందరైతే మాంసం వండుకుంటారా అని కూడా అడుగుతారు. దళిత కుటుంబాలకు, ముస్లింలకు, ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు ఖాళీగా ఉన్న ఇల్లు కూడా "నిన్ననే ఇచ్చేశాం" అయిపోతుంది. ఇది తప్పు, ఎన్నిసార్లయినా తప్పనే అంటాను. హైదరాబాద్‌లో కూడా ఉంది కానీ అక్కడ వేరే కాలనీకి పోవచ్చు, ఇక్కడ కాలనీలే పదో పదిహేనో. ఉద్యోగస్తులు ఎక్కువగా ఉండే కాలనీల్లో ఈ అడగడాలు కొంత తక్కువ, నేను గమనించినంతలో. పాలమూరు న్యూటౌన్, మెట్టుగడ్డ వైపు, నల్లగొండలో ఎన్జీ కాలేజీ చుట్టుపక్కల, హైదరాబాద్ రోడ్డు వైపు ముందు వెతకండి. రెండు ఊళ్లలోనూ ఉర్దూ, హిందీ ధారాళంగా నడుస్తాయి కాబట్టి తెలుగు రాని కోడలో అల్లుడో ఉన్నా ఇబ్బంది పడరు.

డబ్బు మిగులుతుందా అంటే, అద్దెలో బాగా మిగులుతుంది. మిగతా వాటిలో అనుకున్నంత మిగలదు. సీజన్‌లో బాలానగర్ వైపు సీతాఫలాలు పాలమూరులో, బత్తాయిలు నల్లగొండలో చవగ్గా, తాజాగా దొరుకుతాయి, పాలు బాగుంటాయి, కానీ పప్పులు, నూనెలు, గ్యాసు, స్కూలు ఫీజు ఎక్కడైనా ఒకటే. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. నెట్‌కి ఇబ్బంది లేదు, ఫైబర్ వచ్చింది, అయితే ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు, ఒక ఇన్వర్టర్ పెట్టుకోండి, గాలిదుమారం వచ్చిన సాయంత్రం కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్ కూడా చెప్పలేడు. స్కూళ్లు పదో తరగతి దాకా ఫర్వాలేదు. ఇంటర్‌కి వచ్చేసరికి చాలామంది పిల్లల్ని హైదరాబాద్ హాస్టల్‌కి పంపుతున్నారు, కాబట్టి మీ పిల్లలు ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో చదువుతుంటే ఆ ఖర్చు, ఆ బెంగ రెండూ లెక్కలో వేసుకోండి.

ఇంకా చిన్న ఊళ్ల మాటకొస్తే, 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాక సూర్యాపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి, కలెక్టరేట్లు, మెడికల్ కాలేజీలు వచ్చాయి, ఊళ్ల రూపు మారింది. సూర్యాపేటకు రైలు లేదు, కానీ హైవే మీదుంది కాబట్టి అర్ధరాత్రి కూడా బస్సు దొరుకుతుంది. వ్యాపారం చేసేవాళ్లకు మిర్యాలగూడ బాగుంటుంది, సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి, రైసుమిల్లులు, చేతుల్లో డబ్బు తిరిగే ఊరు. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం మిల్లుల దగ్గర ఇల్లు తీసుకోవద్దు, ఆ దుమ్ము, ఊక బూడిద పడవు. వనపర్తి నాకు మనసుకు నచ్చిన ఊరు, సంస్థానం నాటి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంటుంది, చదువులంటే ఆ ఊరికి మొదట్నుంచీ గౌరవం ఉంది. రైలు మాత్రం ఊళ్లోకి రాదు, వనపర్తి రోడ్ స్టేషన్ దూరంగా మదనాపురం దగ్గర ఉంటుంది. గద్వాలకు పోతే మీ పెద్ద ఊరు హైదరాబాద్ కాదు, కర్నూలు అవుతుంది. ఆసుపత్రికి, పెళ్లి బట్టలకు అందరూ అటే పోతారు, రైలు కూడా ఉంది. హైదరాబాద్‌తో పెద్దగా పనిలేని పెన్షనర్లకు, పూర్తిగా ఇంటి నుంచే పనిచేసే పెళ్లికాని పిల్లలకు ఈ ఊళ్లు సరిపోతాయి. స్కూలుకు పోయే పిల్లలు, జబ్బుపడ్డ పెద్దలు ఇద్దరూ ఉన్న ఇంటికి నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ దాటి పోవద్దనే చెప్తాను.

ఆ రెండింటిలో ఒక్కటి చెప్పమంటారా? ఉద్యోగానికి హైదరాబాద్‌తో ముడి ఉన్నవాళ్లకు, పిల్లలు బయటి దేశాల్లో ఉన్నవాళ్లకు మహబూబ్‌నగర్. ఐటీ టవర్, అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీ రెండూ దివిటిపల్లి దగ్గరే, జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీలున్నాయి కాబట్టి ఇంట్లో ఇంకొకరికి ఇక్కడే పని దొరికే వీలు కూడా నల్లగొండ కంటే ఎక్కువ. సాయంత్రం నడవడానికి మినీ ట్యాంక్‌బండ్, పిల్లల్ని తీసుకుపోవడానికి మయూరి పార్కు ఉన్నాయి. పెన్షన్ మీద బతికేవాళ్లకు, కోస్తా వైపు బంధుత్వాలున్నవాళ్లకు, వారానికోసారి గుడికి పోవాలనుకునేవాళ్లకు నల్లగొండ. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం టౌన్‌కి ఆనుకునే ఉంది, లింగం మీద పొద్దంతా కదలకుండా నిలిచే ఆ నీడను చూడ్డానికి నేను ఇప్పటికీ పుట్టింటికి పోయినప్పుడల్లా పోతాను. చెర్వుగట్టు గుడి దగ్గరే, సాగర్ ఒక పూట ప్రయాణం.

ఏ ఊరైనా ముందు అద్దెకు ఉండండి, కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనివ్వండి. రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందని చెప్పి అటు చౌటుప్పల్ నుంచి ఇటు షాద్‌నగర్ దాకా వెంచర్ల బోర్డులు పాతారు, వచ్చిన మొదటి నెలలోనే ప్లాటు అంటగట్టడానికి మీ కొత్త పరిచయస్తులే వస్తారు. డీటీసీపీ (లేఅవుట్లు మంజూరు చేసే ప్రభుత్వ శాఖ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రికార్డు) మూడూ కళ్లతో చూడనిదే టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, వేసిన లేఅవుట్లు కూడా ఉంటాయి, పక్క పొలం రైతును అడిగితే ఆ నేల చరిత్రంతా చెప్తాడు.

అద్దె ఇల్లు వెతకడానికి ఏప్రిల్, మే నెలలు మంచివి. ఉద్యోగుల బదిలీలు, స్కూళ్ల మార్పులు అప్పుడే ఉంటాయి కాబట్టి టులెట్ బోర్డులు ఎక్కువ కనిపిస్తాయి, పైగా నీళ్ల కష్టం ఎంతుందో ఆ నెలల్లోనే తెలుస్తుంది. మీకు ఆషాఢం పట్టింపు లేకపోతే ఆ నెల దాకా ఆగండి, ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ కాబట్టి ఖాళీ పడ్డ ఇంటికి ఓనర్లు అద్దె కొంత తగ్గిస్తారు, జాలీలు కూడా అడగ్గానే పెట్టిస్తారు.